ముక్తియార్ బుట్ట

నాకు చిన్నప్పటి నుంచీ కాలు నిలవదు. ఎక్కడ కూర్చున్నా మోకాలు ఊగుతూనే ఉంటుంది. మా అమ్మ లాల్ బీ అన్నం పెట్టేటప్పుడు నా తొడ మీద చెయ్యేసి అదిమిపట్టుకుని, కంచం తన్నేస్తావురా ముక్తియార్ అని తిట్టేది. పుంగనూరులో ఆఫీసుల వీధిలో, రేకుల పంచ కింద, టైపు మిషను ముందు పదమూడేళ్ళు కూర్చున్నాను. ఆ పదమూడేళ్ళూ నా బల్ల ఊగుతూనే ఉంది. ఎదుట నిలబడ్డ మనిషి మొదటి మాట పూర్తి చేసేలోపల నేను రెండో లైనులో ఉండేవాణ్ణి. దాన్ని చురుకుతనం అనుకున్నాను. జనమూ అట్లాగే అనుకున్నారు కాబట్టి నన్ను ఎవరూ తప్పుపట్టలేదు.

నేను అర్జీలు రాసేవాణ్ణి, ఇంగ్లీషులో. తెలుగులో రాసిచ్చినా ఆఫీసువాళ్ళు తీసుకునేవారు. కానీ ఇంగ్లీషులో టైపు కొట్టిన కాగితమైతేనే పైవాళ్ళు కళ్ళజోడు పెట్టుకుంటారని మా చుట్టుపక్కల రైతుల నమ్మకం. ఆ నమ్మకం మీదే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. దాన్ని పోగొట్టాలని నాకెప్పుడూ అనిపించలేదు.

టైపు నేర్చుకున్నది మదనపల్లెలో, రామమూర్తి మాస్టారి దగ్గర. అరవై తొమ్మిదో సంవత్సరం. ఆయన ఉత్తరాలు చదువుతుంటే మేం కొట్టాలి. ఒకరోజు ఒక ఉత్తరంలో 'ఎగ్జిజెన్సీ' అనే మాట వచ్చింది. నాకు ఊరికే ఉండబుద్ధి కాదు కదా, అంటే ఏంది సార్ అని అడిగాను. అత్యవసరం, అని చెప్పి ఆయన ముందుకు పోయి ఉండొచ్చు. పోలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ చెప్పాడు.

"అర్జెంటంటే తొందర. తొందర మనిషిలో ఉంటుంది. ఎగ్జిజెన్సీలో తొందర మనిషిది కాదు నాయనా, పరిస్థితిది. మనిషి ఎంత నిదానస్తుడైనా, నోరు లేనివాడైనా, అక్కడి పరిస్థితే ఆగనివ్వదు. పరిస్థితి ఏమిటో తెలియకుండా ఆ మాట రాయకూడదు. నేను ముప్ఫై ఏళ్ళలో నాలుగుసార్లు రాసి ఉంటాను."

నాలుగుసార్లు! నేను తర్వాత వారానికి నలభైసార్లు రాశాను.

అది ఎట్లా మొదలైందంటే, డెబ్భై ఎనిమిదిలో కృష్ణప్ప అనే రైతు వచ్చాడు. వాళ్ళ ఊళ్ళో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి నెలైంది. నేను కొత్త రిబ్బను వేసుకున్న ఉత్సాహంలో, 'గ్రేవ్ ఎగ్జిజెన్సీ' ఉన్నందున తమరు దయతో, అని ఒక పేరా కొట్టిచ్చాను. ఎనిమిదో రోజు కొత్త ట్రాన్స్‌ఫార్మర్ దిగింది. అది అంతకుముందే బయల్దేరి దారిలో ఉందని నాకు తర్వాత తెలిసింది. కృష్ణప్పకు తెలియదు, నేనూ చెప్పలేదు. ఆయన పుంగనూరు సంతలో నిలబడి పదిమందికి చెప్పాడు, సాయిబు దగ్గర ఒక మాట ఉండాది, అది పడితే పని అయిపోతాది అని.

ఇక చూడండి. ఇంటి పట్టాకు ఆ మాట, పెళ్ళికి చక్కెర పర్మిట్టుకు ఆ మాట, సిమెంటు మూటలకు ఆ మాట, కోతుల్ని బెదిరించడానికి తుపాకీ లైసెన్సుకు కూడా ఆ మాటే. వచ్చినవాళ్ళు సంగతి చెప్పడం మానేశారు. "ఆ పెద్ద మాట ఏసినావా అప్పా?" అని మాత్రం తప్పకుండా అడిగేవారు. నాకు సుఖంగా ఉంది. మధ్యాహ్నం ఎండలో ఎవరూ రానప్పుడు, కార్బన్లు పెట్టి ఒక్కసారికి నాలుగు కాపీల చొప్పున ఆ పేరా ముందే కొట్టి పెట్టుకునేవాణ్ణి. ఊరి పేరుకూ మనిషి పేరుకూ ఖాళీ వదిలేవాణ్ణి. మనిషి రాగానే కాగితం మళ్ళీ మిషన్లో దోపి, ఖాళీలు నింపి, వేలిముద్ర వేయించి పంపేయడమే. ఎవరికి ఏమి కష్టమో వినాల్సిన అవసరం లేకుండా అర్జీ తయారయ్యే పద్ధతి అది. నేను కనిపెట్టిందే. చాలా గర్వపడ్డాను కూడా.

ఎనభై మూడు ఎండాకాలం మా వైపు నీళ్ళు పూర్తిగా అడుగంటాయి. అంతకుముందు రెండేళ్ళు వానలు అంతంతమాత్రం. ఫిబ్రవరికే బావుల్లో బండ కనపడింది. మార్చిలో, మదనపల్లె నుంచి ప్రభుత్వం బోరు బండి ఒకటి వస్తోందనీ, తాగే నీళ్ళకు కటకటగా ఉన్న ఊళ్ళకు బోర్లు వేస్తారనీ చాటింపు వేశారు. ఒక్కటే బండి. అది పుంగనూరు చుట్టూ తిరగాలి, పలమనేరు దాటి కుప్పం దాకా పోవాలి, మళ్ళీ తిరిగి రావాలి.

రెండు వారాల్లో తొంభై నాలుగు అర్జీలు కొట్టాను. వేళ్ళ చివర్లు వాచాయి. పంచ కింద మనుషులు ఒకరి మీద ఒకరు పడేవారు. ఆ గుంపులోనే రెడ్డెమ్మ వచ్చింది. రామసముద్రం దారిలో బండకిందపల్లె ఆమెది. యాభై దాటిన మనిషి, భర్త పోయాడు, పదెకరాల మెట్ట ఉంది, కొడుకూ కోడలూ ఉన్నారు. ఇవన్నీ నాకు తర్వాత తెలిసినవి. ఆరోజు తెలిసింది ఊరి పేరొక్కటే.

"అప్పా, మా ఊరి బాయిలో..." అని మొదలుపెట్టింది.

"ఊరు పేరు చెప్పమ్మా."

"బండకిందపల్లె. బాయిలో మా కోడలు..."

"నీ పేరు?"

"రెడ్డెమ్మ. నేను చెప్పేది ఇను సాయిబూ, ఆ బాయి..."

"అంతా ఇందులో ఉందమ్మా. పెద్ద మాట వేసినాను. వేలు పెట్టు."

వేలు పెట్టింది. నోరు తెరిచి ఇంకేదో అనబోయింది. వెనకవాడు ముందుకొచ్చాడు.

మూడు వారాల తర్వాత మళ్ళీ వచ్చింది. ఈసారి గుంపు లేదు, ఎండ తప్ప ఎవరూ లేరు. బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది. అరచేతుల్లో తోలు లేచిపోయి ఎర్రగా కనిపిస్తోంది.

"బోరు బండి నిన్న మా ఊరి ముందరనే పాయ. దుమ్ము లేపుకుంటా పాయ. నిలబడలేదు. అప్పినాయునిపల్లెకి పోయి ఏసింది. ఆ ఊరోడు బలపం ముక్కంత పెన్సిలుతో తెలుగులో రాసిచ్చినాడంట. నీ పెద్ద మాట యాడికి పాయ సాయిబూ?"

"వరసలో వస్తుందమ్మా," అన్నాను. నా మోకాలు బల్లకు తగిలి మిషను టకటకమంది.

"వరసనా? ఈపొద్దన్నా ఇంటావా నువ్వు, ఇనవా?"

విన్నాను. వాళ్ళ బావి నలభై అడుగులు. అడుగున, బండ నెర్రెలో నుంచి నీళ్ళు ఊరుతాయి, రాత్రంతా ఊరితే తెల్లారికి పన్నెండు బిందెలు. చేద వేస్తే మునగదు. మనిషి దిగి టెంకాయ చిప్పతో గీకి బిందెలోకి పోయాలి. మెట్లు లేవు, మోకు కట్టి దించాలి. మగవాళ్ళు దిగితే బరువుకు గట్టు రాళ్ళు కదులుతున్నాయి. ఊరి మొత్తానికి తేలికైన మనిషి రెడ్డెమ్మ కోడలు మునిలక్ష్మి. ఇరవై ఏళ్ళ పిల్ల, చంకలో ఆరు నెలల బిడ్డ. రోజూ తెల్లవారి బిడ్డను గట్టు మీద గుడ్డలో పడుకోబెట్టి, నడుముకు మోకు కట్టుకుని దిగుతుంది. పైన మోకు పట్టుకునేది రెడ్డెమ్మ, ఆమె కొడుకు, ఇంకో ఇద్దరు. మొన్న మోకు ఒక పురి తెగింది. పిల్ల పదడుగులు జారి, గోడకు కొట్టుకుని వేలాడింది.

"మోకుకి ముడేసినాం. మళ్ళా దించినాం. దించక ఏం జేస్తాం? ఊరంతా బిందెలు పెట్టుకోని కూసోనుంటారు. ఎప్పుడో ఒకపొద్దు ఆ బిడ్డి పైకి రాదు సాయిబూ. నా చేతుల్లోనుంచే పోతాది."

నేను మిషను మీద గుడ్డ కప్పి లేచాను. నాకు భయం వేసింది. ఆమెకు చెప్పలేదు గానీ నిజంగా భయం వేసింది.

బోర్ల అర్జీలు చూసే ఆఫీసులో అటెండరు మునిస్వామి నాకు తెలిసినవాడే. పక్కకు పిలిచి అడిగాను. వాడు కాసేపు బీడీ కోసం జేబులు వెతుక్కున్నాడు.

"నీకు చెప్పాలంటే నోరు రాలేదప్పా. కొత్త ఆఫీసరు నీ కాగితాలన్నీ ఒక గంపలో యేస్తాడు. ఆ మాట కనపడిందా, చదివేది లేదు, గంపలోకే. ముక్తియార్ బుట్ట అని పేరు గూడా పెట్టినాడు. మేము గూడా అట్లనే అంటా ఉండాము."

"ఎన్నాళ్ళుగా?"

"వచ్చిన వారం నుంచి. చేతి రాతయితేనే సూస్తాడు."

తొంభై నాలుగు ఊళ్ళూ, వాడలూ ఆ గంపలో ఉన్నాయి. నేనే స్వయంగా వేలిముద్రలు వేయించి, మడతలు పెట్టి మరీ వాళ్ళను అందులో పారేశాను. ఆఫీసరు ఎక్కడంటే కుప్పంలో, బోరు బండితో ఉన్నాడట. గంప? ఖాళీ దొరికితే చూస్తానని జీపులో వేసుకుని పోయాడట.

"ఎల్లుండి బండి మదనపల్లెకి తిరుక్కోని పోతాది. ఇంగ ఈ పక్కకి రాదు," అన్నాడు మునిస్వామి.

పదకొండు గంటల బస్సుకు నేనూ రెడ్డెమ్మా కుప్పం బయల్దేరాం. బస్సు పలమనేరులో అరగంట నిలబడింది. నేను దిగాను, ఎక్కాను, మళ్ళీ దిగి డ్రైవరు టీ తాగుతుంటే ఎదురుగా నిలబడి చూశాను. ఆయన నన్ను చూసి ఇంకో టీ చెప్పాడు. వి.కోట ఇవతల ఇంజను ముందు నుంచి పొగ లేచింది. రేడియేటరులో నీళ్ళు లేవు. చుట్టుపక్కల ఎక్కడా చుక్క లేదు. క్లీనరు డబ్బా పట్టుకుని సీటు సీటుకూ వచ్చాడు. ఒకాయన సగం సీసా ఇచ్చాడు, ఒకామె పిల్లవాడికని దాచిన నీళ్ళలో గుక్కెడు ఇచ్చింది. రెడ్డెమ్మ ఒళ్ళో మూతపెట్టిన సత్తు చెంబు ఉంది. రెండు చేతులతోనూ దాన్ని పొట్టకు అదుముకుంది.

"నేనీను."

"అమ్మా, బండి కదలదు," అన్నాడు క్లీనరు.

"కదలకపోతే పోనీ. ఇది ఎట్ల పైకొచ్చిందో నీకు తెలుసునా?"

బస్సంతా ఆమెనే చూస్తోంది. నేను తల వంచుకున్నాను. కాసేపటికి ఆమే లేచి కిందికి దిగి, క్లీనరు చేతికివ్వకుండా తానే రేడియేటరులో చెంబు వంచి వచ్చి కూర్చుంది. నా మోకాలు ఎంత ఊగిందంటే, చివరికి ఆమె విసుక్కుని, "కాలు నిలుపప్పా, సీటంతా అదురుతాండాది," అంది.

ఆఫీసరు కుప్పం ట్రావెలర్స్ బంగళా వరండాలో కుర్చీ వేసుకుని మ్యాపు చూస్తున్నాడు. గుంటూరు వైపు మనిషి, నలభై ఏళ్ళుంటాయి. పేరు చెప్పగానే నన్ను ఎగాదిగా చూశాడు.

"మీరేనా ముక్తియార్! మిమ్మల్ని చూడాలని నేనూ అనుకుంటున్నాను."

గంప ఆయన కుర్చీ పక్కనే ఉంది. వెదురు గంప, కాగితాలు పైకి పొంగి ఉన్నాయి. నేను బండకిందపల్లె బావి గురించి గబగబా మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తాడు.

"ఒక్క నిమిషం. ఈ మాటకు అర్థమేమిటి?"

రామమూర్తి మాస్టారు చెప్పిందే చెప్పాను. తొందర మనిషిది కాదు, పరిస్థితిది అని.

"బాగా చెప్పారు. వచ్చిన వారం మీవి పదహారు అర్జీలు చదివాను. అన్నిట్లో ఒకే పేరా, ఒకే పరిస్థితి. ఇది చూడండి, ఊరి పేరు కొట్టడం కూడా మర్చిపోయారు. సరేనని రెండు ఊళ్ళకు పోయాను. ఒకచోట బావి నిండుగా ఉంది, మోటారు ఆడుతోంది. ఇంకోచోట బోరు కావలసింది టమేటా తోటకు. మూడో ఊరికి ఎందుకు పోతాను చెప్పండి? ఎల్లుండి తిరుగు ప్రయాణంలో ఒక్క బోరుకు టైముంది, ఒక్కటే. ఈ అర్జీలన్నీ మీరు రాసినవే. ఎవరి పరిస్థితి ఆగదో మీరే తీసివ్వండి."

"బండకిందపల్లె సార్."

"ఆమె పక్కన నిలబడి ఉంది కాబట్టి అంటున్నారా? మిగిలిన తొంభై మూడింట్లో ఇంతకన్నా కష్టం ఎవరికీ లేదని చెప్పగలరా? చెప్పండి, సంతకం పెట్టేస్తాను."

గంపలో నుంచి ఒక గుప్పెడు కాగితాలు తీశాను. అన్నీ నా అక్షరాలే, నా కామాలే. ఒక్క మనిషి ముఖం గుర్తుకు రాలేదు. ఒక్క ఊరి బావి సంగతీ తెలియదు. నేను పదమూడేళ్ళుగా ఈ జనం కష్టాలు రాస్తున్నవాణ్ణి, వాళ్ళ కష్టమేదో నాకు తెలియదని ఒక పైఊరి మనిషి ముందు నిలబడి ఒప్పుకోవాల్సి వచ్చింది.

"తెలీదు సార్," అన్నాను.

అప్పుడు రెడ్డెమ్మ ముందుకొచ్చింది.

"ఊర్ల పేర్లు చదవమను సార్. ఆ దిక్కు ఊర్లన్నీ నాకు తెలుసు. కూలోళ్ళను పిలిసేదానికి, పెండ్లిండ్లకి, చావులకి తిరిగినదాన్నే."

నేను చదివాను, ఆమె చెప్పింది. చాలావాటికి ఒకే మాట, "వాళ్ళకి చెరువు కింద బాయి ఉండాది, పక్కన పెట్టు." కొన్నింటికి కాసేపు ఆలోచించి, "కష్టమే, కానీ మైలు దూరంలో నీళ్ళుండాయి." ఒక చక్కెర మిల్లు కామందు పేరు వచ్చినప్పుడు నవ్వింది కూడా. ఆఫీసరు కుర్చీ ముందుకు లాక్కుని రాసుకోవడం మొదలుపెట్టాడు. గంట పట్టింది. గంప అడుగుకు వచ్చేసరికి, పక్కన పెట్టనివి బండకిందపల్లె కాక ఎనిమిది మిగిలాయి. ఆ ఎనిమిదిలో ఏదీ బండకిందపల్లెంత కష్టంలో లేదు. ఇక బోరు బండకిందపల్లెకే అనుకున్నాను. చివరి కాగితం తీశాను.

"బండకిందపల్లె," అని చదివి ఆగాను. రెడ్డెమ్మది అంతకుముందే వచ్చింది. ఇది వేరే. "బండకిందపల్లె హరిజనవాడ. చిన్నమ్మ, మరి పద్నాలుగు ఇళ్ళవాళ్ళు."

చిన్నమ్మ ఎప్పుడొచ్చిందో, ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. పదిహేను వేలిముద్రలు మాత్రం కాగితం కింద ఉన్నాయి.

"ఒకే ఊరికి రెండు అర్జీలా? రెండూ ఒకటేనా?" అన్నాడు ఆఫీసరు.

ఒకటే సార్ అంటే సరిపోయేది. ఆయన ఆ కాగితాన్ని రెడ్డెమ్మ కాగితం కింద పెట్టి గుండుసూది గుచ్చేసేవాడు. నేనైతే అనేసేవాణ్ణి, నాలుక చివరి దాకా వచ్చింది కూడా. రెడ్డెమ్మ కాగితం వైపే చూస్తూ నిలబడింది. చదవడం రాని మనిషి, ఆ వేలిముద్రల్ని ఒక్కొక్కటే చూస్తోంది.

"కాదు సార్. అది వేరే," అంది చివరికి.

"వాళ్ళకు బావి ఉందా?"

"లేదు."

"మరి నీళ్ళు?"

"మా బాయికాడికే వస్తా ఉండ్రి. కింద నిలబడతారు, మేం చేది పోస్తాం. శివరాత్రి పోయినాక నీళ్ళు అడుక్కి పాయ. ఇంగ రావద్దన్నాం."

"ఎవరన్నారు?"

"ఊరంతా." కొంగు వేలికి చుట్టుకుంది. "ముందర అనింది నేనే. ఆ చిన్నమ్మ కడవ ఎత్తి అవతల పెట్టింది గూడా నేనే. ఇప్పుడు వాళ్ళు ఏట్లో చెలమ తవ్వుకోని తెచ్చుకుంటాండారు. రెండు మైళ్ళు పోవాల. బురద నీళ్ళు. ఇద్దరు బిడ్డలకి వాంతులు, భేదులు పట్టుకున్నాయని ఇన్నాను."

నాకు ఉండబట్టలేదు. "సార్, మునిలక్ష్మి మోకు పురి తెగింది, రేపో ఎల్లుండో..." అని అందుకున్నాను.

"నువ్వు ఊరుకో సాయిబూ," అంది రెడ్డెమ్మ. "నన్ను చెప్పనీలేదు ఆపొద్దు. ఈపొద్దన్నా చెప్పనీ."

చేతిలో కాగితం గంప మీద పెట్టి పక్కకు జరిగాను.

"బోరు వాళ్ళ వాడలో ఎయ్యి సార్. అరమైలు గూడా లేదు మా ఊరికి. మేం ఆడికి పోయి తెచ్చుకుంటాం."

ఆఫీసరు పెన్ను కింద పెట్టాడు. "మీ ఊళ్ళోనే వేసి, వాళ్ళను రమ్మంటే?"

"రానీరు. నేనే రానీలేదు గదా సార్, ఇంగ వేరేవాళ్ళ మాట యాల?"

"మీ ఊరివాళ్ళు ఆ వాడకు పోయి నీళ్ళు తెచ్చుకుంటారా?"

"పోరు. నన్ను తిడతారు. మా మరిది నా ఇంటి గడప తొక్కడు." వేలికి చుట్టుకున్న కొంగు విప్పి నడుముకు దోపుకుంది. "నేను పోతాను, మా కోడలు పోతాది. మా కోడలు ఇంగ బాయిలోకి దిగదు. ఇంగొకరి బిడ్డిని దింపమను, సూస్తాం. ఎవురూ దింపరు. దప్పికైతే వాళ్ళే వస్తారు."

ఆఫీసరు ఒక తెల్ల కాగితం నా ముందు పెట్టాడు. తెలుగులో రాయమన్నాడు. అప్పుడు మొదటిసారి నేను ఒక్కొక్కటీ అడిగి రాశాను. ఎన్ని ఇళ్ళు, ఎంతమంది పిల్లలు, చెలమ ఎంత దూరం, బావి ఎంత లోతు, మోకు ఎన్ని పురులు. రాయడం ఆపి ఆమె ముఖం చూసి మళ్ళీ అడిగాను. ఒక్క పేజీకి ముప్పావుగంట పట్టింది. పెద్ద మాట ఎక్కడా రాయలేదు, రాయాల్సిన అవసరం కూడా కనిపించలేదు. ఆఫీసరు చదివి సంతకం పెట్టాడు.

బోరు పడింది. నూట డెబ్భై అడుగులకు నీళ్ళొచ్చాయి. కానీ బోరింగు బిగించడానికి ఇంకా అయిదు రోజులు కావాలన్నారు. ఆ అయిదు రోజులూ మునిలక్ష్మి బావిలోకి దిగుతూనే ఉండాలి, ముడేసిన మోకుతోనే. నేను పుంగనూరులో కూర్చుని ఏ పనీ చెయ్యలేకపోయాను. రామసముద్రం వైపు నుంచి వచ్చిన ప్రతి బస్సుకూ ఎదురెళ్ళి, బండకిందపల్లెలో ఏమన్నా అయిందా అని కండక్టర్లను అడిగాను. మూడో రోజుకు వాళ్ళు నన్ను చూసి దూరం నుంచే చెయ్యి అడ్డంగా ఊపడం మొదలుపెట్టారు. కొట్టి పెట్టుకున్న పేరాల కట్టను తీసి మా ఇంట్లో పొయ్యికి ఇచ్చేశాను.

ఆరో రోజు పొద్దున్నే మొదటి బస్సెక్కి పోయాను. నేను దిగేసరికి వాడలో బోరింగు చుట్టూ పదిహేను ఇళ్ళ ఆడవాళ్ళూ ఉన్నారు. పిడి మీద చేతులు పెట్టి ఒకామె నిలబడి ఉంది, నల్లగా, పొడుగ్గా. చిన్నమ్మ అంటే ఈమెనని ఎవరో చెప్పారు. నా ఎదుట నిలబడి వేలిముద్ర వేసిన మనిషిని నేను ఆరోజే మొదటిసారి చూశాను.

ఊరి వైపు నుంచి రెడ్డెమ్మ వస్తోంది, చంకలో బిందె. వెనక మునిలక్ష్మి, బిడ్డను ఒక చంకన, బిందెను ఒక చంకన పెట్టుకుని. సన్నటి పిల్ల, మోచేయి తోలు లేచిపోయి ఉంది. ఊళ్ళోవాళ్ళు అరుగుల మీద నిలబడి చూస్తున్నారు తప్ప ఒక్కరూ వెంట రాలేదు. రెడ్డెమ్మ తల వంచుకుని వచ్చి, అందరికన్నా వెనక బిందె కింద పెట్టింది. బోరింగు పిడి ఆగిపోయింది. చిన్నమ్మ ఆ బిందె వైపూ, రెడ్డెమ్మ వైపూ చూసింది. ఈమె ఇప్పుడు ఆ బిందె ఎత్తి అవతల పెడితే ఎవరూ తప్పనలేరు.

చిన్నమ్మ పిడి వదిలి మునిలక్ష్మి దగ్గరికి వచ్చింది.

"ఈపొద్దు దిగినావా బాయిలోకి?"

"లేదక్కా."

"ఇంగ దిగొద్దు." పిల్ల మోచేయి పట్టుకుని తిప్పి చూసింది. "మోకు తెగిన పొద్దు మేం ఆ చేని గెనిమి గట్టు మీదనే ఉంటిమి. మీ బాయికాడికి రావద్దన్నారు గదా, అందుకని ఆడనే నిలబడతా ఉంటిమి. దినమూ నువ్వు పైకొచ్చినాకనే మేం ఏటికి పోతా ఉండింది."

రెడ్డెమ్మ తలెత్తింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను ఆ ఇద్దరి ఎదుటా నిలబడలేక రెండడుగులు వెనక్కి వేశాను. ఇద్దరూ నా దగ్గరికి వచ్చారు, ఇద్దరినీ నేను ఒక్క ముక్క చెప్పనివ్వలేదు.

చిన్నమ్మ రెడ్డెమ్మ బిందెను తీసుకుపోయి బోరింగు కింద పెట్టి కొట్టింది. నీళ్ళు నిండాయి. రెడ్డెమ్మ కదలకుండా అట్లాగే నిలబడి ఉంది.

"ఎత్తుకోమ్మా," అంది చిన్నమ్మ. "ఎనకల మనుషులుండారు."

రెడ్డెమ్మ వంగి బిందె ఎత్తుకుంది.